వృత్తివిద్యార్థుల అన్నము, వ్యాయామము

2025 సంవత్సరము జనవరి 4వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ప్రభుత్వ జూనియర్ కళాశాలలందు డొక్కా సీతమ్మగారి పేర మధ్యాహ్న భోజనమును ప్రారంభించిరి. గోదావరి లంకలలో వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము లేదనక వడ్డించిన ఆ తల్లి పేరు ఈ కార్యమునకు తగియున్నది. పదవ తరగతితో నిలిచియుండిన భోజనపు పంక్తి ఇంటర్మీడియేటు వరకు సాగినందులకు మేము సంతసించుచున్నాము. కాని ఆ పంక్తి ఒక గోడకడ ఆగిపోయినది. ఆ గోడ కావలి ప్రక్కను పారిశ్రామిక శిక్షణాలయములును పాలిటెక్నిక్కులును ఉన్నవి. పుస్తకము పట్టిన బాలునకు లభించు అన్నము సుత్తియు ఆకురాయియు పట్టిన బాలునకు లేకపోవుటకు కారణమేమో మాకు బోధపడకున్నది.

ఈ వ్యత్యాసము ఎంత విపరీతముగ నున్నదో తిరుపతి, చిత్తూరు పట్టణముల శిక్షణాలయములను మనసునందుంచుకొని కొంచెము పరిశీలింతము. వెల్డరు, వైరుమాను, వడ్రంగము, ప్లంబరు, కుట్టుపని మున్నగు వృత్తులకు ఎనిమిదవ తరగతి ఉత్తీర్ణత చాలును. ఫిట్టరు, ఎలక్ట్రీషియను వృత్తులకు పదవ తరగతి కావలెను. పదునాలుగేండ్లు నిండిన బాలుడు వెల్డరు పని నేర్వవలెనని ఎనిమిదవ తరగతి ముగించి శిక్షణాలయమున జేరినచో, నిన్నటివరకు పాఠశాలలో తనకు దొరకిన కంచము నేడు దొరకదు. వానితోడి బాలుడు తొమ్మిదవ తరగతికి పోయి ఆ కంచమునే యనుభవించుచుండును. పదవ తరగతి తరువాత జూనియర్ కళాశాలలో వృత్తివిద్యా శాఖను ఎన్నుకొన్నవానికి అన్నము కలదు; ఐ.టి.ఐ.ని ఎన్నుకొన్నవానికి లేదు. చదువుకంటె చేతిపనిని ఎన్నుకొన్నందులకు ఇది శిక్షయా? వృత్తివిద్యను గౌరవింపుడని వేదికలపై చెప్పుచు, వంటశాల లెక్కలయందు దానిని మఱచుట తగదు.

ఇంకొక చిత్రము గలదు. ఈ బాలుడే శిక్షణ ముగించి శ్రీసిటీలోని కర్మాగారమునకో, రేణిగుంట చుట్టుప్రక్కల నున్న మఱియొక దానికో పనివాడై పోయెననుకొనుడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 250 మందికి పైగా పనివారున్న చోట భోజనశాల యుండవలెనని శాసించెను. 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త శ్రామిక స్మృతి ఆ సంఖ్యను 100కు దించెను. కావున బాలుడుగా నున్నపుడు బడిలో భోజనము, పనివాడైన పిదప కర్మాగారమున భోజనము. నడుమ, దేహము ఎక్కువగా పెరుగు రెండు మూడేండ్లు మాత్రము ఏమియు లేదు. ఎవరును తలపెట్టి చేసిన అన్యాయము కాదిది. విద్యాశాఖ యొకటి, శిక్షణశాఖ యొకటి, కార్మికశాఖ యొకటి. మూడు దస్త్రముల నడుమ సందున బాలుని కడుపు జారిపోయినది.

ఆ వయస్సునందలి ఆకలి సామాన్యమైనది కాదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో సవరించి ప్రకటించిన ప్రమాణముల ననుసరించి పదునాఱు మొదలు పదునెనిమిది ఏండ్ల బాలునకు దినమునకు 3,320 కాలరీల శక్తి కావలెను. కఠినమైన దేహశ్రమ చేయు వయోజనునకు 3,470. కూర్చుండి పనిచేయువానికి 2,110. అనగా నూనూగు మీసముల పిల్లవానికి కావలసినది బరువులు మోయు కూలివానికి కావలసిన దానితో దాదాపు సమానము. ఆ యీడు బాలికకు 2,500 కాలరీలును, 32 మిల్లీగ్రాముల యినుమును అవసరమని ఆ ప్రమాణములే చెప్పుచున్నవి. తల్లులు ఈ యంకెల నెఱుగకయే "వీనికి ఎంత పెట్టినను చాలదు" అనుచుందురు. వారి మాటయే శాస్త్రము.

ఇప్పుడు మన శిక్షణార్థుల దినచర్యను జూడుడు. పుత్తూరు, పాకాల, చంద్రగిరి, శ్రీకాళహస్తి ప్రాంతముల పల్లెలనుండి ఉదయమే మొదటి బస్సు నందుకొని వచ్చువారు పలువురు. ఇంట పొయ్యి రాజుకొనకమున్నే బయలుదేరినవానికి ప్రాతఃకాలపు ఆహారము సాధారణముగ ఉండదు. మధ్యాహ్నము సంచిలోని డబ్బా తెరచిన చల్లారిన అన్నము, నిమ్మకాయ పులుసో, ఊరగాయయో. డబ్బా లేనివానికి శిక్షణాలయపు ద్వారముకడ బజ్జీల బండియు, రంగునీళ్ల సీసాయు గతి. నూనె బొండాలు రెండును టీ గ్లాసును ఆకలిని చంపునుగాని దేహమును పోషింపవు. విశ్వసనీయులైన వ్యాపారులను మేము నిందింపము. పిల్లల జేబులో నున్న పది యిరువది రూపాయలకు వారు మాత్రము ఏమి పెట్టగలరు?

పాఠశాలలో ఆకలిగొన్న పిల్లవాడు కునికిపాట్లు పడును, అక్షరమొకటి తప్పును. లేతు యంత్రముకడ నిలిచినవాడు కునుకరాదు. గిరగిర తిరుగు చక్కుకు రెండంగుళముల దూరమున వాని వ్రేళ్లుండును. వెల్డింగు చేయువాడు ముఖమునకు కవచము దాల్చి, వంగి, వేడిమిలో అరగంటసేపు కదలక చేతిని నిలుపవలెను. కన్ను చెదరినను చేయి వణకినను ఫలితము పనిముక్కపై మాత్రమే కాదు, దేహముపైనను పడును. శిక్షణాలయముల గోడలపై "భద్రతయే ప్రథమము" అని పెద్ద యక్షరములతో వ్రాయుదురు. ఖాళీ కడుపును ఆ భద్రతా నియమములలో చేర్చినవారు లేరు.

ఈ విషయమున మన పూర్వుల అనుభవము మనకు తోడ్పడగలదు. 1920లో చెన్నపురి నగరసభకు అధ్యక్షుడుగా నుండిన సర్ పిట్టి త్యాగరాయ సెట్టిగారు థౌజెండ్ లైట్స్ ప్రాంతమునందలి నగరసభ పాఠశాలలో పేదపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించిరి. ఒక్కొక్క పిల్లవానికి దినమునకు అణాకు మించరాదను నియమముతో ఆ కార్యము మొదలయ్యెను. రాజకీయములందు జాతీయవాదులకును త్యాగరాయ సెట్టిగారికిని గల భేదములు జగద్విదితములు. ఐనను అన్నము పెట్టిన చేతిని పక్షభేదముతో కొలువరాదు. భోజనమును మొదలిడిన పాఠశాలలలో పిల్లల రాక హెచ్చెను. ప్రాథమిక విద్యానిధి నుండి ఇట్టి వ్యయము కూడదని ఆనాటి పరప్రభుత్వమువారు అభ్యంతరము చెప్పగా 1925లో అది ఆగిపోయెను. విద్యానిధి విద్యకే, అన్నము వేఱు పద్దు అను వాదము నాటిది. నూఱేండ్లు గడచి స్వరాజ్యము వచ్చినను ఆ వాదము మన కార్యాలయములను వీడిపోలేదు. 2001 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానము ప్రాథమిక పాఠశాలలందు వండిన భోజనము పెట్టి తీరవలెనని రాష్ట్రముల నాజ్ఞాపించిన పిమ్మటనే, 2003లో, మన రాష్ట్రమున ఆ పథకము నెలకొన్నది. కేంద్రప్రభుత్వపు పోషణ పథకము నేటికిని ఎనిమిదవ తరగతితో ముగియుచున్నది. తొమ్మిది మొదలు పై తరగతుల భారము రాష్ట్రమే మోయుచున్నది. ఇంత మోసిన రాష్ట్రము ఇంకొక యడుగు వేయుట కష్టము కాదు.

ఏమి పెట్టవలెననునది రెండవ ప్రశ్న. కేవలము కడుపు నింపుట చాలదు. కూనూరు పరిశోధనాలయమున రాబర్టు మెకారిసన్ అను వైద్యుడు భారతదేశమునందలి వివిధ ప్రాంతముల ఆహారములను ఎలుకలకు పెట్టి, వాని పెరుగుదలను పోల్చిచూచెను. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు గల సిక్ఖుల ఆహారము తిన్నవి బలిష్ఠములై పెరిగినవి. తెల్లని బియ్యమే ప్రధానమైన చెన్నరాజధాని యాహారము తిన్నవి అన్నిటికంటె కృశించినవి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. ఆ ప్రయోగమున ఓడినది మన కంచమే యన్న సంగతిని మనము తఱచు మఱచుచున్నాము.

మఱచుటకు మనకు అర్హతయు లేదు. తెల్లన్నము ఈ సీమకు నిన్న మొన్న వచ్చిన చుట్టము. చిత్తూరు పల్లెలలో తరతరములుగా దేహమును నిలిపినది రాగిసంగటి. నూఱు గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల సున్నపు సారము గలదు. మరపట్టిన బియ్యమున అది పదికి మించదు. ఎదుగుచున్న బాలునకు దినమునకు 1,050 మిల్లీగ్రాములు కావలెనని చెప్పుచున్నారు గనుక, ఒక్క సంగటి ముద్దతోనే అందులో మంచి భాగము తీరును. ఈ సీమ మెట్టపొలముల ప్రధానపు పంట వేరుసెనగ. నూఱు గ్రాముల గింజలలో ఇరువదినాలుగు గ్రాముల వఱకు మాంసకృత్తులు గలవు. చిత్తూరు బెల్లము పేరు దక్షిణాపథమంతయు ఎఱుగును. సంగటి, పప్పుతో వండిన ఆకుకూర, వేరుసెనగ చట్నీ లేక చిక్కీ, తినువారికి కోడిగ్రుడ్డు, తిననివారికి సెనగలు లేక పెరుగు: దీనికై దూరదేశమునుండి డబ్బాలలో పొడి తెప్పింపనక్కఱలేదు. 2023 మార్చిలో పాఠశాలలందు రాగిజావను చేర్చుట మంచిపని. పల్లెటూరివారు తినునదని రాగిని ఈసడించుకొను పట్టణపు మోజు శిక్షణార్థులలో కొందఱికి ఉండవచ్చును. వారి బోధకులు వారితో కూర్చుండి తిన్నచో ఆ మోజు వారము దినములలో వదలును.

ఇచ్చట చిన్న మాట. దుమ్మునందును పొగయందును పనిచేయువారు బెల్లము తిన్నచో ఊపిరితిత్తులు శుభ్రపడునని పనివారిలో ఒక నమ్మకము గలదు. బెల్లము ఆహారముగా తినవచ్చును. అది ముఖకవచమునకు ప్రత్యామ్నాయము కాదు. అట్లే భోజనమునకు ముందు చేతులు కడుగుకొనుటకు సబ్బును నీరును లేనిచో, గ్రీజు, రంగు, లోహపుపొడి అన్నముతోబాటు కడుపులోనికి పోవును. వృత్తిశాలలో భోజనశాల యన్నపుడు మొదట కట్టవలసినది కొళాయిల వరుస.

వ్యాయామము మాట వచ్చునప్పటికి పెద్దలు కొందఱు నవ్వుదురు: "దినమంతయు ఇనుము కోయువానికి మరల వ్యాయామమెందులకు?" అని. ఇది పొరపాటు. ఆకురాయితో ఇనుమును అరగదీయునపుడు ఒక భుజమే శ్రమించును. వెల్డరు మెడయు నడుమును వంగియే యుండును. కంప్యూటరు శిక్షణార్థి కుర్చీనుండి కదలడు. కుట్టుపని నేర్చు బాలిక వెన్నువంచి గంటలకొలది చూపు నిలిపియుండును. శ్రమ దేహములో ఒక భాగమును అలసింపజేయును. వ్యాయామము దేహమంతటిని సరిచేయును. పదునేడేండ్ల లోపు పిల్లలకు దినమునకు సగటున అఱువది నిముషముల చుఱుకైన కదలిక అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు మరల ప్రకటించిరి. 2016 నాటి లెక్కలనుబట్టి ప్రపంచమున పదునొకండు మొదలు పదునేడేండ్ల పిల్లలలో నూటికి 81 మందికి ఆపాటి కదలిక లేదని 2019లో వెల్లడియయ్యెను. తిరుమల కొండ పాదముననే నివసించుచు, అలిపిరి 3,550 మెట్లలో నూఱు మెట్లైన సంవత్సరమున కొకసారి ఎక్కని యువకులు మన పట్టణమున ఎందఱో! దూరదేశపు వృద్ధులు మోకాళ్ల నొప్పులతో ఎక్కుచుండగా వీరు క్రింద నిలిచి చూచుచుందురు.

తెలుగుదేశమునకు వ్యాయామము క్రొత్త కాదు. కోడి రామమూర్తినాయుడుగారు విజయనగరమున వ్యాయామశిక్షకుడుగా నుండి, పిమ్మట దేశవిదేశములందు తన బలమును ప్రదర్శించి వన్నెకెక్కిరి. సాము, గరిడీ, కుస్తీ, చెడుగుడు మన గ్రామములందు బడి లేనిచోటగూడ నుండెను. వీనిలో చెడుగుడు ఒక్కటే చాలును. దానికి కావలసినది ఇసుక నేల, సున్నపు గీత, ఊపిరి. ఖరీదైన వ్యాయామశాలల పరికరములు కొని తాళమువేసి యుంచు సంస్థలకంటె సాయంకాలము నలువదిమంది చెడుగుడు ఆడు శిక్షణాలయము మేలు. ఐతే ఆటస్థలమున్నంత మాత్రమున ఆట జరుగదు. దినచర్యలో గంట నిర్ణయింపక, దానిని నడుపుటకు వ్యాయామోపాధ్యాయుని నియమింపక, ఊరక "ఆడుకొనుడు" అన్నచో ఇంటికి పోవు బస్సే గెలుచును. కావున ఈ గంట సాయంకాలము కాక మధ్యాహ్నమునకు ముందే యుండవలెనని మా యభిప్రాయము. ఆడినవానికి అన్నము రుచించును.

బాలికల సంగతి వేఱుగ చెప్పవలసియున్నది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశమున పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని తేల్చినది. సగముకంటె ఎక్కువమంది! కుట్టుపనియో, ఎలక్ట్రానిక్సో నేర్వ వచ్చిన బాలిక తలతిరిగి కూలబడినపుడు "ఎండదెబ్బ" అని సోడా త్రాగించి పంపుదురు. ఇంట చివరగా తినునది ఆమెయే; మిగిలినది తినునదియు ఆమెయే. శిక్షణాలయపు పంక్తిలో ఆమె మొదట కూర్చుండగలదు. ఆటస్థలమును బాలురు ఆక్రమించిన చోట ఆమెకు వేఱు గంట కావలెను. శుభ్రమైన మరుగుదొడ్డి లేనిచోట ఆమె ఉదయమునుండి నీరు త్రాగదు, ఆటకును రాదు. ఈ యొక్క సంగతిని సరిచేయకుండ బాలికల ఆరోగ్యమును గుఱించి చేయు ఉపన్యాసములు వినసొంపుగా ఉండవు.

ధనమెక్కడిదని అడుగుదురు. లెక్క చూతము. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతివరకు గల పిల్లవానికి 700 కాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు గల భోజనమునకు, ధాన్యము వెల గాక, వంట సామగ్రికి 2025 మే నెలనుండి కేంద్రప్రభుత్వము నిర్ణయించిన మొత్తము దినమునకు 10 రూపాయల 17 పైసలు. శిక్షణార్థి పెద్దవాడు గనుక దానిని రెట్టింపు చేసి 20 రూపాయలనుకొందము. 220 దినములకు తలకు 4,400 రూపాయలు. ఐదువందలమంది గల శిక్షణాలయమునకు సంవత్సరమునకు 22 లక్షలు. ధాన్యమును, వంటవారి వేతనమును చేర్చినను ఇది కొన్ని లక్షల మాటయే. ఇక రెండవ వైపు చూడుడు. 2025 మే 7న కేంద్ర మంత్రివర్గము వేయి ప్రభుత్వ ఐ.టి.ఐ.ల అభివృద్ధికై ఐదేండ్లకు 60,000 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను. అక్టోబరు 4న అది ప్రారంభింపబడెను. సగటున ఒక్కొక్క సంస్థకు ఏటికి 12 కోట్లు. మేము చెప్పిన సామగ్రి వ్యయము అందులో నూటికి రెండు పాళ్లయినను కాదు. ఆ పథకమున యంత్రములు, క్రొత్త పాఠ్యక్రమములు, బోధకుల శిక్షణ, పరిశ్రమల భాగస్వామ్యము గుఱించి విశేషముగా చెప్పియున్నారు. ఆ యంత్రములను త్రిప్పవలసినవాని మధ్యాహ్నపు టాకలిని గుఱించిన మాట మాకు గానరాలేదు. పరిశ్రమలవారు అందులో 10,000 కోట్లు పెట్టవలసియున్నది. రేపటి పనివాని భోజనమునకు అందులో కొంత కేటాయించినచో వారికి నష్టము లేదు; ఆ పనివాడు రేపు వారి గుమ్మముననే నిలుచును.

ఉచితముగ అన్నము పెట్టుచుబోయిన సోమరితనము పెరుగునను వాదము మరల మరల వినబడును. ఇనుమును కొలతకు కోయుటకై పదిమైళ్లు వచ్చి ఎనిమిదిగంటలు నిలిచిపోవు బాలుని సోమరియనుట సాహసము. 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావుగారును, వారి సహచరులైన ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలును అక్షరముతోబాటు చేతిపనిని నేర్పవలెనని తలచినది గుమాస్తాల దేశమును పనివారి దేశముగ మార్చుటకు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముడు సమావేశపఱచిన విద్యావేత్తలు చేతిపనియే చదువునకు మూలముగ నుండవలెనని తీర్మానించిరి. ఆ తీర్మానమునందలి చేయి బక్కచిక్కిన చేయి కారాదు.

తిరుపతి పట్టణమున వేలాదిమందికి వేళకు వండి వడ్డించుట ఎట్లో నేర్పగల శాల మఱొకటి వెదకనక్కఱలేదు. 1985లో ప్రారంభమైన తిరుమల తిరుపతి దేవస్థానపు నిత్యాన్నదానము నేడు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరుగల భవనమున ప్రతిదినము సాగుచున్నది. ఆ పుణ్యాత్మురాలు ఈ సీమ ఆడుబిడ్డయే. దేవస్థానపు ధనమును మేము అడుగుట లేదు. భక్తులిచ్చిన విరాళము భక్తులకే చెందవలెను. వంటశాలను నడుపు నేర్పును, సరకుల కొనుగోలునందలి యనుభవమును దేవస్థానమువారు శిక్షణాలయములకు చెప్పవచ్చును. ప్రభుత్వ శిక్షణాలయమున వంటశాల కట్టువఱకు, 2024 ఆగస్టులో మరల తెరచిన అన్న క్యాంటీనుల కేంద్రీయ వంటశాలనుండి ఆ సంఖ్యకు సరిపడు భోజనమును పంపుట అసాధ్యమా? గ్రామములందు మహిళా సంఘములవారు పాఠశాలలకు వండుచునే యున్నారు. వారిలో కొందఱికి ఈ పని నప్పగించిన చిత్తూరు వేరుసెనగయు, రాగియు చిత్తూరులోనే వండబడును.

ఇందులకు శాసనసభ చట్టము చేయనక్కఱలేదు. డొక్కా సీతమ్మగారి పథకమున "జూనియర్ కళాశాలలు" అను మాట ప్రక్కన "ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణాలయములు, పాలిటెక్నిక్కులు" అను మాటలను చేర్చు ఉత్తరువు ఒకటి చాలును. విద్య, నైపుణ్యాభివృద్ధి శాఖల వారు కలసి కూర్చుండి ఆ ఉత్తరువును వెలువరింపవలెనని కోరుచున్నాము. అది వచ్చువఱకు తిరుపతి, చిత్తూరు జిల్లాధికారులు తమ పరిధిలో చేయగల పనులు గలవు: ప్రతి శిక్షణాలయమున త్రాగునీరు, చేతులు కడుగు కొళాయిలు, బాలికల మరుగుదొడ్లు సరిగానున్నవో లేవో చూచుట, సంవత్సరమునకు రెండుమారులు శిక్షణార్థుల రక్తమును పరీక్షింపించుట, చెంతనున్న ఉన్నతపాఠశాల వ్యాయామోపాధ్యాయుని వారమునకు మూడు దినములైన ఇచ్చటికి పంపుట. ఆగస్టు నెలలో శిక్షణాలయములందు నూతన సంవత్సరము మొదలగును. ఆ దినమున చేరు బాలబాలికలకు పనిముట్ల పెట్టెతోబాటు ఒక కంచమును ఒక గ్లాసును ఇచ్చునట్లు ఇప్పటినుండియే ఏర్పాట్లు చేయవలెను.